పల్లె ఓటు కులం ఓటేనా? 1955 ఫలితాల పునఃపరిశీలన

పల్లె కులం చూసి ఓటేస్తుందనీ, పెద్దరైతు మొగ్గినవైపే ఊరంతా మొగ్గుతుందనీ తెలుగునాట ఎన్నికల మీద రాసినవారు చాలామంది తేల్చేశారు. అందుకు తరచూ చూపే సాక్ష్యం 1955 ఆంధ్రరాష్ట్ర శాసనసభ ఎన్నికలు. ఆ ఎన్నికల అంకెలు ఆ తీర్పును మోయలేవని నా అభిప్రాయం.

తొలిదశ అందరికీ తెలిసిందే. 1920లో ఓటు ఆస్తిపరులకే పరిమితం. 1937 నాటికి ఓటర్లు పెరిగారు. జస్టిస్ పార్టీ పట్టు సడలి, దాని నాయకుడు బొబ్బిలి రాజా కాంగ్రెసు అభ్యర్థి వి.వి.గిరి చేతిలో ఓడిపోయారు. కూలీకీ పాలేరుకూ ఆస్తిలేని స్త్రీకీ ఓటు దక్కింది మాత్రం 1952 ఎన్నికల్లోనే. అప్పుడు మద్రాసు శాసనసభలోని 140 ఆంధ్ర స్థానాల్లో కమ్యూనిస్టులు 41 గెలిచారు. అనంతపురంలో కాంగ్రెసు నాయకుడు నీలం సంజీవరెడ్డినే కమ్యూనిస్టు తరిమెల నాగిరెడ్డి ఓడించారు. మూడేళ్ళు తిరిగేసరికి, కొత్త ఆంధ్రరాష్ట్ర శాసనసభలోని 196 స్థానాల్లో కమ్యూనిస్టులకు మిగిలినవి 15.

ఈ పతనాన్ని 1956లో అమెరికన్ పరిశోధకుడు సెలిగ్ హారిసన్ కులంతో వివరించాడు. కమ్యూనిస్టు నాయకత్వం కమ్మవారిది, కాంగ్రెసు నాయకత్వం రెడ్లది, ఎన్.జి.రంగా వర్గం కాంగ్రెసుతో కలవగానే కోస్తాలో తూకం మారింది. స్థూలంగా ఇదీ ఆయన వాదం. తర్వాతివారు దాన్నే సూత్రంగా పట్టుకున్నారు.

ఓట్లు ఇంకో కథ చెబుతాయి. 1955లో కమ్యూనిస్టులకు సుమారు 31 శాతం ఓట్లు పడ్డాయి. 1952తో పోలిస్తే వారి వాటా తగ్గలేదు, పెరిగింది. ఈసారి ఎక్కువచోట్ల పోటీచేశారు కాబట్టి ఆ పెరుగుదలంతా కొత్త అభిమానం అనలేం. కానీ పల్లె వారిని వదిలేసిందనడం అంతకన్నా పెద్ద పొరపాటు. అసలు మార్పు ఎదుటిపక్షంలో వచ్చింది. 1952లో కాంగ్రెసు, రంగా నాయకత్వంలోని కృషికార్ లోక్ పార్టీ, టంగుటూరి ప్రకాశంగారి వర్గం విడివిడిగా ఓట్లు చీల్చుకున్నాయి. 1955లో ఒక్కటై 146 స్థానాలు గెలిచాయి. కోస్తాలో రెండుపక్షాలూ ఒకే కులం అభ్యర్థులను నిలిపిన చోట్ల, ఓటరు ఇటా అటా అన్నది కులం ఎలా నిర్ణయిస్తుంది? టికెట్టు ఎవరికి దక్కిందో కులం చాలావరకు చెప్పగలదు. కూలీ ఓటు ఎటు పడిందో చెప్పలేదు.

కోస్తాను తెలంగాణలోని నల్లగొండతో పోల్చి చూస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. అక్కడ దేశ్‌ముఖుల్లోనూ వారిపై తిరగబడిన నాయకుల్లోనూ రెడ్లున్నారు. 1952లో కమ్యూనిస్టుల పీపుల్స్ డెమోక్రాటిక్ ఫ్రంట్ తరఫున రావి నారాయణరెడ్డి నెహ్రూకన్నా ఎక్కువ ఓట్లతో లోక్‌సభకు గెలిచారు. నల్లగొండ ద్విసభ్య నియోజకవర్గం కాబట్టి ఓట్లు అంతగా వచ్చాయనవచ్చు. నెహ్రూ నియోజకవర్గమూ ద్విసభ్యమే. ఆ మొగ్గు వెనక ఉన్నది వెట్టి, భూమి, ఐదేళ్ళ సాయుధపోరాటం. కోస్తాలోనూ కూలిరేటు, కౌలు, బంజరు అనే ప్రశ్నలే ఊళ్ళను చీల్చాయి. అయితే 1955లో సంపన్న రైతు తన భూమి పోతుందన్న భయంతోనూ ఓటేశాడు. అదీ భూమి ప్రశ్నే.

తర్వాతి మలుపులు క్లుప్తంగా చెప్పుకోవచ్చు. 1964లో కమ్యూనిస్టు పార్టీ చీలికతో ఎర్రజెండా బలం తగ్గింది. 1983లో తెలుగుదేశం, కిలో రెండు రూపాయల బియ్యం హామీతో, పల్లె ఓటును సంక్షేమం వైపు తిప్పింది. పోలింగు పెరుగుతూ వచ్చి, 2024లో ఆంధ్రప్రదేశ్‌లో 80 శాతం దాటింది. దర్శిలో 90 శాతం మించితే, తిరుపతిలో 63 దగ్గర ఆగింది. తెలంగాణలో 2022 మునుగోడు ఉపఎన్నికలోనూ పోలింగు 90 శాతం పైమాటే.

ఈ అంకెలను చైతన్యానికి గుర్తుగా పొగడటానికి నేను సిద్ధంగా లేను. హైదరాబాదు నుంచి కిక్కిరిసిన బస్సుల్లో సొంతూరికి వచ్చి ఓటేసినవారి పట్టుదల నిజమైనదే. కానీ అదే పల్లెల్లో ఓటుకు నోటు పంచుతున్నారు, సర్పంచి పదవిని వేలంపాటతో ఏకగ్రీవం చేస్తున్నారు. కూలి, కౌలు ఎన్నికల వేదిక మీద అరుదుగా వినిపిస్తున్నాయి. 1955 ఓటరు ముందు రెండు వేర్వేరు దారులుండేవి. నేటి ఓటరు ముందు ఎక్కువగా ఉన్నది పథకాల పోటీ. పోలింగు పెరిగింది, ఎంపిక కుదించుకుపోయింది.

పల్లె ఓటుకు కులం పేరు పెట్టేముందు పరిశోధకులు పోలింగు కేంద్రాల వారీ ఫలితాలనూ ఊళ్ళ భూకమతాల లెక్కలనూ పక్కపక్కన పెట్టి చూడాలి. ఆ పని చేయకుండా రాసిన చరిత్ర పల్లెకు అన్యాయం చేస్తుంది.