నొయ్యల్ నేర్పిన లెక్క

నీళ్ళు లేనిదే గంజి లేదు, గంజి లేనిదే పడుగు లేదు. మగ్గం ముందు కూర్చునే మనకు ఈ మాట ఒకరు చెప్పనక్కర్లేదు. కానీ నీటికీ ఒక ఖరీదుందనీ, అది మనం కట్టకపోతే ఇంకొకరి నెత్తిన పడుతుందనీ తెలిసేసరికి కొంగునాడులో ఒక నది పాడైపోయింది.

కోయంబత్తూరు, ఈరోడు, సేలం వైపు మన నేత కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. ఆ సీమ నది నొయ్యల్. వెళ్ళియంగిరి కొండల్లో పుట్టి, కోయంబత్తూరు, తిరుప్పూరుల మీదుగా పోయి కావేరిలో కలుస్తుంది. పెద్దలు దానిమీద చిన్న ఆనకట్టలు కట్టి, వాననీటిని వరుస చెరువులకు మళ్ళించారు. చెరువు నిండితే బావులు ఊరేవి. ఆ ఏర్పాటు వల్లే వ్యవసాయమూ నేతా పక్కపక్కనే బతికాయి.

1980ల తర్వాత తిరుప్పూరులో బనియన్ల ఎగుమతి జోరందుకుంది. దాంతోపాటే అద్దకం, బ్లీచింగు యూనిట్లు పెరిగాయి. రంగు నూలుకు పట్టాలంటే తొట్టిలో ఉప్పు దండిగా వెయ్యాలి. రంగు నూలుకు పడుతుంది, ఉప్పు నీళ్ళలోనే మిగులుతుంది. అప్పట్లో చేసిన శుద్ధితో రంగు తగ్గిందే కానీ కరిగిన ఉప్పు పోలేదు. ఆ నీళ్ళే నొయ్యల్‌లోకి వెళ్ళాయి.

1992లో, దుప్పట్ల నేతకు పేరుపడ్డ చెన్నిమలైకి దగ్గర్లోనే, ఒరత్తుపాళయం డ్యాము కట్టారు. పొలాలకు నీళ్ళివ్వాలని కట్టినదానిలో అద్దకపు నీరు నిలిచింది. వదిలితే పైరుకు చేటు, నిలిపితే చుట్టుపక్కల బావులకు చేటు. రైతులు కోర్టుకెక్కారు. ఏళ్ళతరబడి వాదనలు నడిచాక, 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు తిరుప్పూరు అద్దకం యూనిట్లను మూసేయమంది. 700కు పైగా యూనిట్లు ఆగాయి. వేలమంది కూలీలకు పని పోయింది. రైతు ముందే నష్టపోయాడు, ఇప్పుడు కార్మికుడూ నష్టపోయాడు.

తర్వాత దారి దొరికింది. వాడిన నీటిని వడగట్టి మళ్ళీ తొట్టికే తెచ్చుకోవడం, ఉప్పును తిరిగి రాబట్టి వాడుకోవడం మొదలైంది. దీనికి ఖర్చెక్కువ. చిన్న యూనిట్లకు తలకు మించిన భారం. అందుకే కొందరు నలుగురూ కలిసి ఉమ్మడి శుద్ధి కేంద్రాలతో నెగ్గుకొచ్చారు, కొందరు పని మానేశారు, ఇంకొందరు ఆ ఖర్చు తప్పించుకోడానికి వేరే ఊళ్ళకు పోయి అదే తప్పు చేశారు.

ఇందులో మన పాలు లేదా? చిలప నాలుగు రూపాయలు తక్కువకు వస్తే చాలనుకున్నాం, ఆ రంగునీళ్ళు ఎటు పోయాయని అడగలేదు. ఆ నాలుగు రూపాయలు నిజానికి తగ్గలేదు, దిగువనున్న రైతు బావిలోంచి వసూలయ్యాయి. ఆ బావి నీళ్ళు తాగేవాళ్ళలో మన ఇళ్ళవాళ్ళూ ఉండొచ్చు.

కాబట్టి మన సంఘాలు చెయ్యగలిగిన పని ఒకటుంది. నూలు కొనేటప్పుడు ధరతోపాటు నీటి లెక్కా అడుగుదాం. శుభ్రంగా అద్దేవాడికి ఒక రూపాయి ఎక్కువివ్వాల్సొస్తే కలిసి ఇద్దాం. నదిని బాగుచేసే ఖర్చుకన్నా ఆ రూపాయి ఎప్పుడూ తక్కువే.