ఈజిప్టును నడిపించిన వరద

అస్వాన్ దగ్గర నుంచి మధ్యధరా సముద్రం దాకా సుమారు 1,200 కిలోమీటర్ల దారిలో నైలు నదిలో ఒక్క ఉపనది కూడా కలవదు. చివరిదైన అట్బరా నది ఇంకా దక్షిణాన, సుడాన్‌లోనే కలిసిపోతుంది. అస్వాన్‌లో వాన పడితే అది వింత. కైరోలో ఏడాది పొడుగునా కురిసేది రెండు మూడు సెంటీమీటర్లు. నదికి అటూ ఇటూ సాగుకు పనికొచ్చే నేల కొన్నిచోట్ల రెండు మూడు కిలోమీటర్లు, మహా అయితే ఇరవై కిలోమీటర్లు. ఆ తర్వాత రాతి గుట్టలు, వాటి వెనక ఎడారి. కైరో దాటాక మాత్రం నది పాయలుగా చీలి, 160 కిలోమీటర్ల పొడవున విసనకర్రలా విచ్చుకుంటుంది. ఇరుకైన లోయను ఎగువ ఈజిప్టు అనీ, డెల్టాను దిగువ ఈజిప్టు అనీ అన్నారు. పటంలో ఎగువ ఈజిప్టు కింద, దిగువ ఈజిప్టు పైన కనిపించడానికి కారణం నది దక్షిణం నుంచి ఉత్తరానికి పారడమే.

ఈ లోయలో మొదటి నుంచీ జనం కిక్కిరిసి లేరు. ఎనిమిది, పదివేల ఏళ్ల కిందట సహారా పచ్చిక బయలు. అక్కడ చెరువులు, పశువుల మందలు ఉండేవి. నైరుతి ఈజిప్టులోని గిల్ఫ్ కెబీర్ గుహల గోడల మీద ఈత కొడుతున్నట్టున్న మనుషుల బొమ్మలు ఇప్పటికీ ఉన్నాయి. వానల పట్టీ క్రమంగా దక్షిణానికి జరిగి, పచ్చిక ఎండిపోతూ వచ్చిన కొద్దీ మందలు తోలుకునే జనం నీరున్న చోటికి చేరారు. క్రీ.పూ. 4000 నాటికి లోయలో నఖాదా లాంటి చోట్ల పెద్ద ఊళ్లు లేచాయి. అటుపై వెయ్యేళ్లలోపే, సుమారు క్రీ.పూ. 3100లో, రెండు ఈజిప్టులూ ఒకే రాజు కిందికి వచ్చాయి. ఆ రాజు నార్మెర్ అని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం.

నైలుకు నీళ్లు రెండు వైపుల నుంచి వస్తాయి. విక్టోరియా సరస్సు వైపు నుంచి వచ్చే తెల్ల నైలు ఏడాది పొడవునా ఇంచుమించు ఒకే తీరుగా పారుతుంది. వరద తెచ్చేది నీలి నైలు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఇథియోపియా కొండల మీద కురిసే రుతుపవన వానలు అగ్నిపర్వతపు నల్లమట్టిని కోసుకుని ఖార్తూమ్ మీదుగా ఉత్తరానికి దూకుతాయి. ఆ వానలకూ భారతదేశపు నైరుతి రుతుపవనాలకూ చుట్టరికం ఉంది. పసిఫిక్ సముద్రంలో ఎల్‌నినో బలపడిన ఏళ్లలో రెండూ తరచుగా కలిసే దెబ్బతింటాయి. రాయలసీమను ఊడ్చేసిన ధాత కరువు కాలంలోనే, 1877లో, నైలు వరద కూడా దారుణంగా పడిపోయింది. భారత వాతావరణ శాఖను నడిపిన గిల్బర్ట్ వాకర్ రుతుపవనాల అంచనా కోసం ముందేసుకున్న లెక్కల్లో నైలు వరద కూడా ఒకటి.

వరద వచ్చే వేళ ఈజిప్టు రైతుకు కలిసొచ్చింది. టైగ్రిస్, యూఫ్రటీస్ నదులు వసంతంలో, పంట చేతికొచ్చే రోజుల్లో పొంగుతాయి. మెసొపొటేమియా రైతు వరదతో పోరాడి పంట దక్కించుకోవాలి. నైలు వేసవి చివర, కోతలయిపోయి పొలాలు బీటలు వారి ఉన్నప్పుడు పొంగుతుంది. ఒడ్డున నది తనకు తానే పోసుకున్న ఎత్తయిన మట్టి దిబ్బల వెనక పల్లపు భూములుండేవి. వాటిని అడ్డకట్టలతో మడులుగా చేసి, నది ఒడ్డున గండి కొట్టి నీళ్లు వదిలేవారు. నీరు నలభై నుంచి అరవై రోజులు నిలిచేది. ఒండ్రు అడుగున పేరుకునేది, నేల లోతుగా తడిసేది. నది తగ్గగానే మిగిలిన నీటిని దిగువకు వదిలేస్తే, ఉప్పు కూడా దానితోపాటే కొట్టుకుపోయేది. దక్షిణ మెసొపొటేమియా పొలాలను చౌడు తినేసింది. ఈజిప్టు పొలాలు వేల ఏళ్లు చౌడు బారకుండా నిలిచాయంటే కారణం ఇదే. బురద ఆరకముందే గోధుమ, బార్లీ, అవిసె గింజలు చల్లి, వాటిని మట్టిలోకి తొక్కించడానికి గొర్రెల్నీ మేకల్నీ తోలేవారు. మళ్లీ నీరు పెట్టే పని లేకుండానే పంట పండేది.

ఇంత నీటిని నడపాలంటే బలమైన రాజు ఉండి తీరాలనీ, రాజ్యం అలాగే పుట్టిందనీ ఒక వాదం చాలాకాలం చలామణీ అయింది. 1957లో కార్ల్ విట్‌ఫోగెల్ దాన్ని పెద్ద సిద్ధాంతంగానే నిలబెట్టాడు. ఈజిప్టు విషయంలో అది నిలవలేదు. భూగోళ శాస్త్రవేత్త కార్ల్ బుట్జర్ 1976లో తేల్చినట్టు, అక్కడి మడులు ఊళ్లవాళ్లు కలిసి కట్టుకుని కాపాడుకోగలిగినంత చిన్నవి. వాటిని ఏలడానికి రాజధాని అక్కర్లేదు. తొలి రాజుల్లో ఒకడైన 'తేలు రాజు' గద తలమీద (అది ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్ మ్యూజియంలో ఉంది) రాజు పార లాంటి పనిముట్టు పట్టుకుని నీటి ఒడ్డున నిలబడి ఉంటాడు. కాలువ తవ్వకం మొదలుపెడుతున్నాడని చాలామంది చదువుతారు. అదే నిజమైనా అది కొబ్బరికాయ కొట్టడం లాంటిదే తప్ప నీటిపారుదల శాఖ నడపడం కాదు. సాగు వరకు నైలుకు ఊరు చాలు. రాజ్యానికి ఆ నది పనికొచ్చింది మరో రెండు విధాలుగా: దారిగా, కొలతగా.

దారి సంగతి ముందు. ప్రవాహం ఉత్తరానికి, గాలి దక్షిణానికి. మధ్యధరా మీది నుంచి వీచే గాలి ఏడాదిలో ఎక్కువ భాగం నదికి ఎదురు తోలుతుంది. తెరచాప దించితే పడవ దిగువకు కొట్టుకుపోతుంది, ఎత్తితే ఎగువకు ఎక్కుతుంది. పురాతన ఈజిప్టు చిత్రలిపిలో దక్షిణ ప్రయాణానికి చాప ఎత్తిన పడవనూ, ఉత్తర ప్రయాణానికి చాప లేని పడవనూ గీసేవారు. పొలాలన్నీ నదికి ఒక పూట నడక దూరంలోనే ఉండేవి కాబట్టి ఏ ఊరి ధాన్యమైనా, ఏ ఊరి మనుషులైనా పడవకు అందేవారు. రాజు మనుషులకు ఏ ఊరూ అందకుండా పోలేదన్నది దానికి రెండో పక్క. తూర్పు, పడమరల ఎడారే కోట. దక్షిణాన అస్వాన్ దగ్గర నది నల్లరాళ్ల మధ్య విరిగి పారే మొదటి కాటరాక్టు సరిహద్దు. ఎగువ, దిగువ దేశాలు కలిసే చోట, డెల్టా మొదట్లో మెంఫిస్ రాజధానిగా వెలిసింది. కలప మాత్రం నది ఇవ్వలేదు. పెద్ద పడవలకు దేవదారు దుంగలు లెబనాన్ తీరంలోని బిబ్లోస్ నుంచి రావలసిందే.

ఈ నీటి దారి పనిచేసిన తీరు ఒక పద్దు పుస్తకంలో దొరుకుతుంది. 2013లో ఎర్రసముద్రం ఒడ్డున వాదీ అల్ జర్ఫ్‌లో పియర్ తాలే బృందానికి దొరికిన పపైరస్ చుట్టలు, రాత ఉన్న పపైరస్‌లలో ఇప్పటికి తెలిసిన అత్యంత పాతవి. ఖుఫు రాజు చివరి ఏళ్లలో మెరెర్ అనే తనిఖీదారు రాయించిన దినచర్య అందులో ఉంది. అతని చేతికింద నలభైమంది దాకా ఉండేవారు. తూర్పు ఒడ్డున తుర్రా గనుల్లో తెల్ల సున్నపురాయి ఎత్తించుకోవడం, పడవలో రాత్రి గడపడం, ఖుఫు పేరున్న కొలను మీదుగా గీజా చేరి రాయి దించడం, ఖాళీ పడవతో వెనక్కి మళ్లడం, పది రోజుల్లో రెండు మూడుసార్లు ఇదే తంతు. పని జరిగింది వరద నెలల్లో. నీరు పొంగినప్పుడు కాలువల్లో లోతు పెరిగి, బరువు పడవలు అక్కడి ఖుఫు పిరమిడ్ పాదం దాకా వెళ్లేవి. పొలాలు మునిగి ఉన్న ఆ నెలల్లో వెట్టికి మనుషులు దొరకడం తేలిక కూడా. పిరమిడ్ లోపలి గదికి వాడిన గ్రానైటు అస్వాన్ నుంచి ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా ఇదే నది మీద వచ్చింది.

ఇక కొలత. వరద మట్టం పెరగడాన్ని మూరల్లో, బెత్తెల్లో, వేళ్లలో కొలిచేవారు. రాజుగారి మూర సుమారు 52 సెంటీమీటర్లు, అందులో ఏడు బెత్తెలు, ఇరవై ఎనిమిది వేళ్లు. తొలి రాజుల కాలపు వరదలు ఏడాది వారీగా పలెర్మో శిల అనే రాతిఫలకం మీద చెక్కి ఉన్నాయి. అస్వాన్ దగ్గరి ఎలిఫెంటీన్ దీవిలో నదిలోకి దిగే మెట్ల పక్క గోడకు గీతలు పెట్టిన నీటికొలత మండపం ఉంది. గీత ఎక్కడ తాకిందో తెలిస్తే ఎంత నేల తడిసిందో, ఎంత పంట వస్తుందో, ఎంత శిస్తు పడుతుందో ముందే లెక్క కట్టవచ్చు. రోమన్ రచయిత ప్లినీ లెక్కలో పన్నెండు మూరలైతే కరువు, పదహారైతే పండగ. అంతకు మించినా ముప్పే. కట్టలు తెగుతాయి, నీరు ఆలస్యంగా తగ్గి విత్తే అదను దాటిపోతుంది. థీబ్స్‌లోని మెన్నా అనే అధికారి సమాధి గోడమీద, నిండుగా ఉన్న చేలో ముడుల తాడు పట్టుకుని పొలం కొలుస్తున్న ఉద్యోగుల బొమ్మ ఉంది. వెనకే పలకలు పట్టుకున్న లేఖకులు. వరద పొలం గట్లను చెరిపేసేది కాబట్టి కొలవడం ఏటేటా తప్పని పని. క్షేత్రగణితం అక్కడే పుట్టిందని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు.

పంచాంగం కూడా వరదదే. వరద, విత్తు, కోత అనే మూడు రుతువులు, ఒక్కోటి నాలుగు నెలలు. ముప్పై రోజుల నెలలు పన్నెండు, పైన ఐదు రోజులు. లుబ్ధకం, అంటే సిరియస్ నక్షత్రం, సుమారు డెబ్బై రోజులు కనబడకుండా పోయి తెల్లవారుజామున మళ్లీ తూర్పున పొడిచే రోజు, వరద మొదలయ్యే రోజులకు దగ్గరగా పడేది. అధిక దినం లేకపోవడంతో ఆ లెక్క నాలుగేళ్లకు ఒక రోజు చొప్పున జారుతూ, వరద నెలలు ఎండాకాలంలోకి, చలికాలంలోకి తిరిగేవి. అయినా ఉద్యోగులు దాన్ని వదల్లేదు. 365 రోజుల ఆ లెక్కకే జూలియస్ సీజర్ నాలుగేళ్లకొక రోజు కలిపి రోముకు తెచ్చుకున్నాడు.

ఇంత పద్ధతిగల నది మీద కట్టిన రాజ్యం, ఆ పద్ధతి తప్పినప్పుడు కుదేలైంది. క్రీ.పూ. 2200 తర్వాత ఇథియోపియా వానలు తగ్గిన జాడలు తానా సరస్సు అడుగు మట్టిలో దొరికాయి. పిరమిడ్లు కట్టిన పాత రాజ్యం ఆ రోజుల్లోనే ముక్కలైంది. దక్షిణాదిన మొఅల్లాలో అంఖ్‌తిఫీ అనే స్థానిక నాయకుడు దేశమంతా ఆకలితో చస్తుంటే తన ప్రాంతం పస్తులుండలేదనీ, పక్క ఊళ్లకూ ధాన్యం పంపాననీ సమాధి గోడల మీద చెక్కించుకున్నాడు. సొంత డబ్బా కొంత ఉంటుంది, సరే. కానీ లేని కరువు గురించి అలాంటి గొప్ప చెప్పుకోలేడు. ఆకలి వేళ రాజును కాక, గాదెల్లో ధాన్యమున్న స్థానిక పెద్దను జనం నమ్ముకున్నారు.

నది మట్టమే కాదు, దారి కూడా మారేది. రెండో రామ్సెస్ తూర్పు డెల్టాలో పెలూసియక్ పాయ మీద పి-రామ్సెస్ నగరం కట్టాడు. రెండు శతాబ్దాలు తిరగకుండానే పాయ పూడిపోయింది. తర్వాతి రాజులు రాజధానిని మరో పాయ మీది తానిస్‌కు మార్చి, పాత ఊరి విగ్రహాలు, రాళ్లు అక్కడికి లాక్కుపోయారు. ఆ రాళ్ల మీద రామ్సెస్ పేరు చూసి పియర్ మోంతే లాంటి తవ్వకందార్లు తానిసే పి-రామ్సెస్ అనుకున్నారు. అసలు చోటు కంతీర్ అని ఈజిప్టు పండితుడు లబీబ్ హబాషీ వాదించగా, తర్వాతి తవ్వకాలు ఆయన పక్షానే తేల్చాయి. పిరమిడ్లు ఇప్పుడు నదికి దూరంగా ఎడారి అంచున ఎందుకున్నాయన్న ప్రశ్నకూ జవాబు ఇలాంటిదే. ఉపగ్రహ రాడార్ చిత్రాలతో ఇమాన్ గొనీమ్ బృందం 2024లో, 31 పిరమిడ్ల పక్కగా ఒకప్పుడు పారి ఇసుక కింద పూడిపోయిన 64 కిలోమీటర్ల పాయను గుర్తించింది.

మడుల సేద్యం చాలావరకు అదే తీరులో 19వ శతాబ్దం దాకా నడిచింది. ఏతం రామ్సెస్ కూడా ఏలిన కొత్త రాజ్య కాలంలో, ఎడ్లు తిప్పే నీటి చక్రం ఈజిప్టును ఏలిన గ్రీకు రాజుల నాడు వచ్చి తోటలకు పనికొచ్చాయి గాని, వరదను తీసేయలేదు. తీసేసింది పత్తి. వేసవిలో నీళ్లు కావాల్సిన పత్తి కోసం ఏడాదంతా పారే కాలువలు, వాటికోసం ఆనకట్టలు కట్టారు. 1902లో అస్వాన్‌లో మొదటి ఆనకట్ట లేచింది. 1964లో పెద్ద ఆనకట్ట వెనక నీరు నిలబెట్టడం మొదలైంది, 1970లో కట్టడం పూర్తయింది. అప్పటి నుంచి ఈజిప్టు పొలాల మీదికి వరద రాలేదు. ఏటా పది కోట్ల టన్నులకు పైగా దిగివచ్చే ఒండ్రు ఇప్పుడు నాసర్ సరస్సు అడుగున పేరుకుంటోంది. డెల్టాలో ఏడాదికి రెండు, మూడు పంటలు పండుతున్నాయి. ఎరువు ఫ్యాక్టరీల నుంచి వస్తోంది, చౌడు తగలకుండా మురుగు కాలువలు తవ్వుకోవాల్సి వస్తోంది, నది సముద్రంలో కలిసే రషీద్ మొన దగ్గర సముద్రం ఒడ్డును కోసుకుంటూ లోపలికి వస్తోంది.