ఉప్పెన నేలపై ఇల్లు: దివిసీమ గృహనిర్మాణ చరిత్రలో నేల, వనరు, నివాసి

ఉపోద్ఘాతం

గృహనిర్మాణ చరిత్రను గోడల చరిత్రగా, కప్పుల చరిత్రగా రాయడం పరిపాటి. కృష్ణా డెల్టా దిగువ కొసన ఉన్న దివిసీమ విషయంలో ఈ పద్ధతి చాలదు. అక్కడ ఇల్లు దేనితో కట్టారన్న ప్రశ్నతో పాటు ఏ మట్టంలో కట్టారు, ఎవరి అవసరానికి కట్టారు, కూలిన తరువాత ఎవరు తిరిగి నిలబెట్టుకోగలిగారు అన్న ప్రశ్నలకూ సమాధానం వెతకవలసి ఉంటుంది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన తరువాత జరిగిన పునర్నిర్మాణం మొదటి ప్రశ్నకు గట్టి సమాధానమే ఇచ్చింది. మిగిలిన వాటిని చాలావరకు నివాసులకే వదిలివేసింది. నాగాయలంక పరిసరాలను ప్రధానంగా తీసుకొని ఈ పరిణామాన్ని పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం.

నేల తీరు – ఊళ్ల పేర్లు

కృష్ణానది పులిగడ్డ దగ్గర చీలి సముద్రంలో కలిసేలోగా దాని పాయల నడుమ ఏర్పడిన భూభాగం దివిసీమ. నదికి, సముద్రానికి మధ్య ఎత్తులో తేడా స్వల్పం. వర్షాకాలంలో పైనుంచి వరద, తుఫాను వేళ కిందినుంచి ఉప్పునీరు వచ్చే ఈ నేలలో మూరెడు మెరక కూడా విలువైనదే. ఈ ఎరుక ఊళ్ల పేర్లలోనే నిక్షిప్తమై ఉంది. నాగాయలంకలోని ‘లంక’, ఈలచెట్లదిబ్బలోని ‘దిబ్బ’, పాలకాయతిప్పలోని ‘తిప్ప’ నీటి నడుమ నిలిచిన నేలను సూచించే మాటలు. సముద్రం వైపున్న మడ అడవులు అలల ఉరవడిని కొంత తగ్గించే సహజమైన అడ్డు.

అయితే మెరక అందరికీ సమానంగా దక్కలేదు. భూవసతి గల కుటుంబాలు ఊరి మెరక భాగంలో స్థిరపడగా, కూలీలు, మత్స్యకారులు, దళితులు పల్లపు అంచులలోనూ కాలువ గట్లపైనా సముద్రానికి దగ్గరగానూ గుడిసెలు వేసుకోవడం తీరాంధ్ర గ్రామాలలో విస్తృతంగా కనిపించే అమరిక. అందువల్ల ఉప్పెన ప్రమాదాన్ని భౌగోళిక విషయంగా మాత్రమే చూడడానికి వీలులేదు.

పాత ఇళ్లు: ఒక అనుభవజ్ఞానం

తీరాంధ్రలో సంప్రదాయంగా కనిపించే పేదల ఇళ్లలో చుట్టిల్లు ముఖ్యమైనది. గుండ్రని మట్టిగోడ, శంకువు ఆకారపు కప్పు, నేలకు దగ్గరగా దిగిన చూరు దీని లక్షణాలు. మూలలు లేనందున గాలి ఒకే ముఖాన్ని బలంగా తాకదు. చూరు కిందికి దిగి ఉన్నందున మట్టిగోడ వానకు తడవదు, గాలి కప్పు కిందికి దూరి పైకి లేపే అవకాశమూ తగ్గుతుంది. తాటిదూలం, సరుగుడు వాసం, తాటాకు, రెల్లు, వరిగడ్డి వంటి సామగ్రి చుట్టుపక్కలే దొరికేది. గుంట తవ్విన మట్టితో ఇంటి అడుగు మెరక చేసుకునేవారు. కలిగినవారి మండువా లోగిళ్లు, పెంకుటిళ్లు దీనికి పూర్తిగా భిన్నమైనవి. ఇటుక గోడలు, ఎత్తైన అరుగులు వాటికి బలమిచ్చాయి.

ఈ అనుభవజ్ఞానాన్ని అతిశయోక్తిగా కీర్తించడం కూడా సరికాదు. చుట్టిల్లు ఈదురుగాలికి తట్టుకోవడానికి అనువైనదే గాని నీటికి కాదు. నానిన మట్టిగోడ కరిగిపోతుంది. 1864 నవంబరు 1న మచిలీపట్నాన్ని ముంచిన ఉప్పెనలో సుమారు 30,000 మంది మరణించారు. గాలికి, నీటికి కావలసిన రక్షణలు వేరువేరన్న సంగతి ఆనాటికే స్పష్టమైనా, ఆ తరువాత వందేళ్లకు పైగా పేదల ఇంటి అడుగు మట్టంలో చెప్పుకోదగిన మార్పు రాలేదు.

1977: పక్కాఇల్లు అనే సమాధానం

1977 ఉప్పెనలో సుమారు 5 మీటర్ల ఎత్తున లేచిన నీరు దివిసీమలో కిలోమీటర్ల కొద్దీ లోపలికి చొచ్చుకువచ్చింది. మృతులు దాదాపు పదివేల మందని అధికారిక అంచనా. అంతకంటే ఎక్కువని చెప్పే లెక్కలూ ఉన్నాయి. నాగాయలంక ప్రాంతంలోని సొర్లగొంది వంటి గ్రామాలు తీవ్రంగా నష్టపోయాయి. ప్రభుత్వంతో పాటు ధార్మిక, స్వచ్ఛంద సంస్థలు పునర్నిర్మాణానికి పూనుకున్నాయి. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ 1979లో ఏర్పడింది. కాలనీలు వెలిశాయి, తుఫాను రక్షణ భవనాలు లేచాయి. దీనదయాళ్‌పురం వంటి కొత్త పేర్లు వచ్చాయి. పాత పేర్లు నేల తీరును చెబితే, ఇటువంటి పేర్లు కట్టించినవారి స్మృతిని, ఆదర్శాన్ని చెబుతాయి. ఇంటి గురించిన నిర్ణయం నివాసి చేతినుంచి దాత చేతికి మారిన వైనం ఈ నామకరణంలోనే వ్యక్తమవుతుంది.

గుడిసె కూలినందువల్లనే మనుషులు పోయారు, కనుక గట్టి ఇల్లు ఇస్తే సమస్య తీరుతుంది అన్నది ఈ ప్రయత్నాల వెనుకనున్న భావన. కృష్ణా డెల్టాలో దీర్ఘకాలం పరిశోధించిన పీటర్ వించెస్టర్ తన ‘పవర్, ఛాయిస్ అండ్ వల్నరబిలిటీ’ (1992) గ్రంథంలో ఈ భావనను ప్రశ్నించారు. ప్రమాదానికి లోనయ్యే స్థితిని ఇంటి రకం కంటే ఆస్తి, ఆదాయం, అప్పు, అధికారంతో గల సంబంధం ఎక్కువగా నిర్ణయిస్తాయన్నది ఆయన వాదన సారాంశం. 1994లో వెలువడిన ‘ఎట్ రిస్క్’ గ్రంథం ఈ డెల్టానుంచే ఒక ఉదాహరణ ఇచ్చింది. వంద మీటర్ల దూరంలో నివసించే రెండు కుటుంబాలలో ఒకటి ఇటుక ఇల్లు, మూడెకరాల మాగాణి, ఆరు పశువులు గలది; రెండవది గుడిసెలో ఉంటూ కొద్దిపాటి మెట్టతో, కౌలుతో బతికేది. తుఫాను రెండిళ్లనూ దెబ్బతీస్తుంది. మొదటి కుటుంబం దాచుకున్న డబ్బుతో వారంలో ఇల్లు నిలబెట్టుకుంటుంది. పోయినదాని విలువ తక్కువే అయినా రెండవ కుటుంబం అప్పులో కూరుకుపోతుంది.

కాలనీ ఇల్లు – నివాసుల మార్పులు

ఒకే నమూనాలో వరుసగా కట్టిన కాలనీ ఇల్లు వేగానికి, లెక్కకు, సమాన పంపిణీకి అనువైనది. సర్వం కోల్పోయినవారికి అది చిన్న వరం కాదు. కాని రైతుకూలీకి గొడ్డుకొట్టం, మత్స్యకారునికి వలలు ఆరబెట్టి బాగుచేసుకునే చోటు, స్త్రీకి పొగ పోయే వంటచోటు కావాలి. ఒంటిగది నమూనాలో వీటికి తావు లేదు. పైగా శ్లాబు ఎండాకాలం పగలు గ్రహించిన వేడిని రాత్రి లోపలికి వదులుతుంది. ఉప్పుగాలికి, ఉప్పు కలిసిన నీటికి లోపలి ఇనుము తుప్పు పట్టి పెచ్చులూడుతుంది. ఎదురుమొండి వంటి దీవులకు ఇనుము, సిమెంటు నీటి మీదుగా చేర్చవలసి రావడంతో మరమ్మతు మరింత భారమవుతుంది.

గట్టి గదికి ముందు తాటాకు వసారా, పక్కన వంటపాక, వెనుక కొట్టం చేర్చుకోవడం డెల్టా కాలనీలలో సాధారణంగా కనిపించే దృశ్యం. దీనిని పాత అలవాటుగానో, కట్టిన ఇంటిని పాడుచేయడంగానో భావించడం పొరపాటు. గట్టి గది ధాన్యానికి, పత్రాలకు, తుఫాను రాత్రికి; తాటాకు వసారా నిత్యజీవితానికి. గాలికి వసారా కూలినా తక్కువ ఖర్చుతో మళ్లీ వేసుకోవచ్చు. బయటివారు గీసిన నమూనాను నివాసులు తమ వృత్తికి, వాతావరణానికి అనుగుణంగా పూర్తిచేసుకున్న తీరు ఇది. ఏ దస్త్రంలోనూ నమోదు కాని ఈ రూపకల్పన కూడా గృహనిర్మాణ చరిత్రలో భాగమే.

1990 మే నెలలో కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటిన తీవ్ర తుఫానులో రాష్ట్రంలో 967 మంది మరణించారు. ఇళ్లు భారీగా కూలినా, ప్రాణనష్టం 1977తో పోల్చినప్పుడు ఎంతో తగ్గింది. ముందస్తు హెచ్చరిక, ప్రజల తరలింపు, రక్షణ భవనాలు ఇందుకు ప్రధాన కారణాలు. ప్రాణాన్ని కాపాడే భారమంతా ఒక్కొక్క ఇంటి గోడపై మోపనవసరం లేదని, ఆ భారాన్ని ఊరు ఉమ్మడిగా మోయవచ్చునని ఈ అనుభవం నిరూపించింది.

ముగింపు

దివిసీమ చరిత్రలో చుట్టిల్లు గాలికి సమాధానం చెప్పింది, నీటికి చెప్పలేకపోయింది. కాలనీ ఇల్లు గట్టిదనాన్ని ఇచ్చింది, జీవనోపాధిని లెక్కలోకి తీసుకోలేదు. ఈ రెండింటి మధ్య ఖాళీని నివాసులు తమ స్వల్ప వనరులతో పూరించుకున్నారు. నేటి పక్కాఇళ్ల పథకాలు కూడా లబ్ధిదారుల సంఖ్యతో, పూర్తయిన ఇళ్ల సంఖ్యతో తమ విజయాన్ని కొలుచుకుంటున్నాయి. స్థలం మెరకనుందా పల్లాననుందా, చేర్పులకు చోటుందా, మరమ్మతుకు స్తోమత ఉందా అన్న ప్రశ్నలు ఆ లెక్కల వెలుపలే మిగిలిపోతున్నాయి. దివిసీమలో ఈ ప్రశ్నలను పక్కన పెట్టినందుకు మూల్యం చెల్లించినవారు పల్లంలో నివసించినవారే.