హోపు దీవి

కాకినాడ రేవునుండి పడవనెక్కి తూర్పుగా పోయినచో, కొంతసేపటికి నీటిమీద సన్నని ఇసుకగీత యొకటి కానవచ్చును. అదియే హోపు దీవి. దీనికి పురాణము లేదు, స్థలమాహాత్మ్యము లేదు. ఏ ఋషియు నిచట తపము చేసినట్లు మన పెద్దలు చెప్పలేదు. చెప్పకపోవుటకు కారణము సులభము: వారి కాలమున ఈ నేల పుట్టనే లేదు. గౌతమీ గోదావరి మోసికొనివచ్చిన ఇసుకను సముద్రము ఉత్తరమునకు త్రోయుచుండగా, రమారమి రెండువందల యేండ్లలో పదునారు కిలోమీటర్ల పొడవున పెరిగిన తిన్నె యిది. మీలో కొందరి యిండ్లలోని తాళపత్రములు దీనికంటె పాతవై యుండును.

దీవి చరిత్ర చెప్పవలెనన్న కోరంగి మాట యెత్తక తీరదు. కోరంగి యొకప్పుడు ఓడలు కట్టెడు గొప్ప రేవు. బర్మాకు పోయిన తెలుగువారిని, వారే యూరివారైనను, అచ్చటివారు కోరంగీలనియే పిలిచిరి. రంగూను పోయివచ్చిన వారి సంతతి మీ గ్రామములలో నుండినచో ఆ మాట వినియే యుందురు. 1789 డిసెంబరులో వచ్చిన తుపానున మూడు మహాతరంగములు ఒకదానివెనుక నొకటి యా యూరిపై పడెను. ఇరువదివేలమంది మడిసిరని వ్రాతలు చెప్పుచున్నవి. 1839 నవంబరు 25న మరల అట్టి ఉపద్రవమే. ఈ రెండవదానిలో మూడులక్షలమంది పోయిరన్న లెక్క పుస్తకమునుండి పుస్తకమునకు ప్రాకుచున్నది గాని, నాకు నమ్మిక కలుగలేదు. అంత పెద్ద సంఖ్యకు అంత పెద్ద సాక్ష్యము కావలయును గదా!

అయినను కోరంగిని చంపినది తుపాను మాత్రమే కాదు, మేట. నదీముఖము పూడిపోయి పెద్ద యోడలు లోనికి రాజాలకపోయెను. అదే ఇసుక ఈవల అడ్డుగోడయై నిలిచి, కాకినాడ యెదుటి నీటిని శాంతపరచెను. 1825లో డచ్చివారి జగన్నాథపురము ఇంగ్లీషువారి పరమయ్యెను. 1861 మొదలు 1865 వరకు అమెరికాలో అంతర్యుద్ధము జరుగుచుండగా మన ప్రత్తికి గిరాకి పెరిగి కాకినాడ తలయెత్తెను. ఒక రేవును పూడ్చిన ఇసుకయే వేరొక రేవును కాచినది.

మాఘమాసమున నొకనాడు తెల్లవారుజామున, ఒక పల్లెకారు యువకుని వెంట దీవి తూర్పుటొడ్డున నడచితిని. ఆటుసమయము, తడియిసుక గట్టిగా నుండెను. ఎఱ్ఱపీతలు మా యడుగుల సడికి గుంపులు గుంపులుగా బొరియలలో దూరుచుండెను. పడమటివైపున, కాకినాడ అఖాతము కావల, కోరంగి మడయడవి నల్లని గీతవలె నుండెను. 1978లో అభయారణ్యమైన యా యడవిలో నీటికుక్కలు పగలే కనబడును. బావురుపిల్లి మాత్రము రాత్రించరము. నీటిలో పంజా వేసి చేపను పట్టు ఆ పిల్లిని చూడవలెనన్న ఓపికయే గాక అదృష్టమును కావలెను. నేను చూచినది బురదలో దాని యడుగులు మాత్రమే. తిల్లచెట్ల జోలికి పోవద్దని ఆ యువకుడు పదేపదే చెప్పెను. దాని పాలు కంటబడిన చూపు పోవును.

అంతలో అతడు నా చేయి పట్టి లాగెను.

“మేష్టారండీ, ఇటు జరగండి, గుడ్లు తొక్కేస్తారు!”

ఎదుట, అలల అంచునుండి పైకి, నాగలి యీడ్చినట్లు జాడ యుండెను. సముద్రపు తాబేలు రాత్రి వచ్చి, ఇసుక త్రవ్వి, నూరు గుడ్లవరకు పెట్టి, పూడ్చి, తిరిగి పోయినది. ఇంచుమించు ఏబది దినములకు పిల్లలు వెలువడి, వెలుగు కనబడిన దిక్కునకు ప్రాకును. ఆ వెలుగు సముద్రపుదైనచో బ్రతుకును. దీపములదైనచో త్రోవ తప్పి చచ్చును.

ఆ దినము మేము చూచిన జాడలు మూడు. ఒడ్డున చచ్చిపడియున్న తాబేళ్లు ఏడు. ఈ జంతువు నీట నుండునేగాని గాలి పీల్చవలెను. మరపడవలు ఈడ్చు వలలో చిక్కి పైకి రాలేక ఊపిరాడక చచ్చును. వలకు తాబేలు తప్పించుకొను తలుపు అమర్చవచ్చును గాని, దానితో చేపలును పోవునని పడవవారి బాధ. 1972 నాటి చట్టము తాబేలును కాచుచున్నది. తూర్పుతీరమున చేపలవేటకు విరామమును కలదు. కాని యది ఏప్రిల్ 15న మొదలగును. తాబేళ్లు గుడ్లు పెట్టునది ముఖ్యముగా జనవరి మొదలు మార్చి వరకు! చేపల ఋతువు చూచి వ్రాసిన పంచాంగమున తాబేలుకు ముహూర్తము దొరకలేదు.

దీవికే మరొక చింత యున్నది. గోదావరిపై ఆనకట్టలును జలాశయములును పెరిగినకొలది సముద్రమును చేరు మట్టి తగ్గినది. డెల్టా తీరము పలుచోట్ల కోతకు లోనగుచున్నది. ఇసుక నిచ్చిన చేయి ముడుచుకొన్నచో ఈ తిన్నె యెన్నాళ్లు నిలుచునో?

“మీరును వలవేయువారే గదా?” యని యా యువకుని అడిగితిని.

“వేస్తామండి. మా చిన్నవలలో పడితే విప్పి వదిలేస్తామండి. పెద్ద వలలు పైకి తీసేసరికే చచ్చిపోతాయండి” అనెను.

అటుపిమ్మట అతడు వంగి, నక్కలకు కుక్కలకు ఆనవాలు దొరకకుండ, గూటినుండి నీటివరకును ఆ జాడను చేతితో చెరిపెను. అప్పటికి పోటు మొదలైనది. మేము పడవవైపు తిరిగితిమి.