దారి ఎవరి కోసం? – ప్రళయకావేరి దీవుల చరిత్ర

దారి లేని ఊరిని వెనుకబడిన ఊరని పిలవడం మనకు అలవాటు. కొండ అడ్డమైతే కొండ మీద, నీరు అడ్డమైతే నీటి మీద నేరం మోపి ఊరుకుంటాం. కాని దారి ప్రకృతి ఇచ్చేది కాదు, సమాజం వేసేది. అది ఎవరి అవసరానికి వేసింది, ఎవరి అవసరాన్ని పక్కకు నెట్టింది అన్నదే అసలు ప్రశ్న. సముద్రం ఎరగని మా కొంగరకలాన్‌లో ఈ సంగతి నిత్యం కంటికి కనబడుతుంది. ఊరి దాపున అవుటర్ రింగ్ రోడ్డు. 2022 ఆగస్టులో జిల్లా కలెక్టర్ కార్యాలయం. 2023 మేలో ఫాక్స్‌కాన్ కర్మాగారానికి శంకుస్థాపన. పాలనకూ పెట్టుబడికీ కావలసివస్తే దారి వెతుక్కుంటూ వస్తుంది. అలా కావలసిరాని చోట ఏమవుతుందో తెలియాలంటే తెలుగునేల దక్షిణపు అంచుకు, పులికాట్ సరస్సుకు పోవాలి.

తెలుగువారు ప్రళయకావేరి అని పిలుచుకున్న ఉప్పునీటి సరస్సు ఇది. దీనికీ బంగాళాఖాతానికీ నడుమ శ్రీహరికోట అడ్డుగోడలాగా ఉంటుంది. సరస్సు లోపల, తడ మండలంలో, ఇరకం అనే దీవి ఉంది. భీములవారిపాళెం రేవులో పడవ ఎక్కితేనే ఆ ఊరు. బియ్యపు బస్తా, పురిటినొప్పుల మనిషి, పరీక్షకు పోయే పిల్లవాడు, ఎన్నికల పెట్టె – అన్నీ ఆ పడవలోనే దాటాలి. సరస్సు సగటు లోతు మీటరుకు అటూ ఇటూ. ఎండలు ముదిరితే నీరు తగ్గి పడవ నేల పడుతుంది; వాయుగుండం పడితే పడవ రేవు దాటదు. చుట్టుపక్కల కుప్పాలలోని పట్టపువారికీ, యానాదులకూ చేప, రొయ్య, పీత ఇవే జీవనాధారం. మంచు కరిగేలోగా ఒడ్డు చేరని రొయ్యకు ధర నిర్ణయించేది పట్టినవాడు కాదు, రేవులో కాచుకున్న వ్యాపారి. దారి లేకపోవడమంటే ప్రయాణపు ఇబ్బంది మాత్రమే కాదు, శ్రమ విలువ దారిలోనే తరిగిపోవడమని గ్రహించాలి.

అయితే ఈ నేల ఎప్పుడూ ఇలా మారుమూల పడి ఉన్నదా? చరిత్ర కాదంటుంది. 17వ శతాబ్ది ఆరంభంలో డచ్చివారు సరస్సు దక్షిణపు కొసన దిగారు. 1613లో జెల్డ్రియా కోట కట్టి, కోరమాండల్ వర్తకానికి దాన్ని ముఖ్యస్థానం చేసుకున్నారు. ఇక్కడి నేతబట్టలు ఆగ్నేయాసియాకు ఎగుమతి అయ్యాయి. మనుషులు కూడా బానిసలుగా ఓడలెక్కారు. అంటే ఈ తీరం ప్రపంచ మార్కెట్టుకు దూరంగా లేదు. దాని నోటి దగ్గరే ఉంది.

ఆంగ్లేయుల పాలనలో 1806లో మద్రాసు దగ్గర మొదలైన కాలువ క్రమంగా ఉత్తరానికి సాగి, ఈ సరస్సును కలుపుకొని పెదగంజాం వరకూ పోయింది. 1876–78 నాటి మహాకరువులో ఆకలితో మాడుతున్న కూలీల చేత మద్రాసు నగరంలో మిగిలిన తెగను తవ్వించి, దానికి గవర్నరు బకింగ్‌హాం పేరు పెట్టారు. తవ్వినవారి పేర్లు ఏ రాతిమీదా లేవు. శ్రీహరికోట అడవి 1835లో సర్కారు వశమయింది. యానాదులు ఏరి తెచ్చిన అటవీ సరుకును సర్కారు తీసుకున్నది. ఆ అడవి కట్టెలు కాలువ మీద పోయి మద్రాసు పొయ్యిలలో మండినవి. నగరానికి వంటచెరకు కావలసినంత కాలం ఈ నీరు రాజమార్గమే!

1899 నాటికి మద్రాసుకు బెజవాడ నుంచి రైలు నడిచింది. సరుకు పట్టాల మీదికి, ఆ తరువాత లారీల మీదికి మారింది. 1960, 70 దశకాల తుఫానులకు దెబ్బతిన్న కాలువను తిరిగి నిలబెట్టాలన్న పట్టుదల ఎవరికీ లేకపోయింది. నీటిదారి పూడింది, దాని స్థానంలో దీవివాసికి మరో దారి ఎవరూ వేయలేదు. కనుక ఇరకం మారుమూలగా పుట్టలేదు, మారుమూల చేయబడింది.

ఇంతలో 1969లో రాకెట్ల ప్రయోగానికి శ్రీహరికోటను ఎంపిక చేశారు. 1971లో తొలి రాకెట్టు ఎగిరింది. సూళ్లూరుపేట నుంచి సరస్సుకు అడ్డంగా రోడ్డు పడింది. తరతరాలుగా అడవిని నమ్ముకొన్న యానాదులు చోటు వదలవలసివచ్చింది. విజ్ఞానశాస్త్రం యెడల మనకు విముఖత లేదు. ఆ విజయాలు మనవే. కాని ఒకే సరస్సులో రాకెట్టుకు రోడ్డు, రోగికి పడవ ఎందుకయ్యాయి? నీరు దాటడం అసాధ్యమన్న వాదన ఆ రోడ్డు పడిన నాడే కూలిపోయింది. అడ్డం వచ్చింది నీరు కాదు, ప్రాధాన్యం.

అలాగని ‘మాకూ ఒక రోడ్డు’ అన్న నినాదంతో సరిపెట్టుకోవడం పొరపాటు. మట్టికట్ట మీద వేసిన ఆ రోడ్డే సరస్సును రెండు చేసి నీటి కదలికను అడ్డుకున్నది. ముఖద్వారాలు ఇసుకతో పూడితే సముద్రపు నీరు రాదు, రొయ్యపిల్ల రాదు, వలలో చేప తగ్గుతుంది. 1976లో సరస్సు పక్షుల అభయారణ్యమయింది. పక్షికి రక్షణ కావలసిందే, కాని పక్షిని, జాలరిని పోషించేది ఒకే నీరు. నీటిని చంపి తెచ్చిన దారి మీద వలసపోయే కూలీలే నడుస్తారు. నీరు కిందుగా పారే వంతెన, పూడిక తీసిన ముఖద్వారం, ఊళ్లో వైద్యం, దళారీ లేని అమ్మకం – ఇవి విడివిడి కోర్కెలు కావు, ఒకటే కోర్కె. దాన్ని నిర్ణయించవలసింది పడవ తోసే చేతులే.

స.వెం. రమేశ్ తన ప్రళయకావేరి కథలలో ఈ దీవుల పలుకుబడిని, బతుకును సాహిత్యంలోకి తెచ్చారు. మన సాహిత్య చరిత్ర పాఠాలలో ఆ భాషకు ‘మాండలికం’ అన్న ఒక్క మాటతో సరిపెడుతున్నాం. అదీ ఒక రకంగా దారి వేయకపోవడమే. కలెక్టర్ కార్యాలయానికి రోడ్డు పడిన మా ఊరి విద్యార్థి, పడవ కోసం రేవులో నిలబడిన విద్యార్థి ఒకే చరిత్రకు చెందినవారని చెప్పలేని పాఠం అసంపూర్ణం. ఆ పాఠాన్ని పూర్తిచేయవలసిన బాధ్యత ఉపాధ్యాయులమైన మనదే.