మొరాయించే పాత కంప్యూటర్: కుప్పం నుంచి ఒక చారిత్రక పరిశీలన

2002లో హెచ్‌పీ సంస్థ రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి చిత్తూరు జిల్లా కుప్పంలో ఐ-కమ్యూనిటీ పథకాన్ని ప్రారంభించింది. సమాచార కేంద్రాలు తెరిచి పల్లెలకు కంప్యూటర్లను చేరువ చేసింది. ఫొటోలు తీసి ఉపాధి పొందేందుకు కొందరు గ్రామీణ మహిళలకు డిజిటల్ కెమెరాలు, ప్రింటర్లు ఇస్తూ, వాటితోపాటు సౌరశక్తి పరికరాలు కూడా ఇచ్చారు. కెమెరా కంటే ఆ ఏర్పాటే ముఖ్యమని నా అభిప్రాయం. పల్లెలో కరెంటు నమ్మకం లేనిదే కదా!

మీ పాత కంప్యూటర్ స్టార్ట్ కాకపోతే మీరు కూడా కరెంటు దగ్గరే మొదలుపెట్టండి. ప్లగ్గు, వైరు, వెనుక స్విచ్చు చూడండి. అవి బాగున్నా ఫ్యాను తిరగకపోతే పవర్ సప్లైని అనుమానించాలి. దాని డబ్బా మాత్రం విప్పవద్దు. ప్లగ్గు తీసినా లోపల ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉండవచ్చు.

ఫ్యాను తిరుగుతున్నా తెర నల్లగానే ఉంటే చెవి పెట్టి వినండి. 1981లో వచ్చిన ఐబీఎం పీసీ ఆన్ కాగానే తనను తానే పరీక్షించుకునేది. ఒక చిన్న బీప్ వస్తే అంతా సవ్యమని అర్థం. ఆ పద్ధతి తర్వాతి పీసీలకూ వచ్చింది. వేరే రకంగా బీప్‌లు వస్తే, వాటి అర్థం కంపెనీని బట్టి మారుతుంది. ప్లగ్గు తీసి, ర్యామ్‌ను ఊడదీసి మళ్లీ బిగిస్తే తరచూ సరిపోతుంది.

తేదీ ప్రతిసారీ వెనక్కి పోతోందా? 1984 నాటి పీసీ ఏటీలో గడియారం, సెట్టింగులు చెరగకుండా బ్యాటరీ పెట్టారు. ఇప్పుడది మదర్‌బోర్డు మీద నాణెం లాంటి 3 వోల్టుల బిళ్ల. అది అయిపోతే సెట్టింగులు చెరిగి, కంప్యూటర్ తన డిస్కునే గుర్తించకపోవచ్చు. బిళ్ల మార్చి చూడండి.

ఏదీ ఫలించకపోయినా యంత్రాన్ని పాత సామాన్లవాడికి వేసేయకండి. డిస్కు తీసి మరో కంప్యూటర్‌కు తగిలించండి; మీ ప్రాజెక్టు నివేదిక అందులో భద్రంగా ఉండవచ్చు.