నాటి ఆటగాడు, నేటి ఆటగాడు: సగటు చెప్పేదెంత?

2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ క్రికెట్ పోటీలు అనంతపురంలో జరిగినవి. రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టువారి మైదానంలో పేరుమోసిన ఆటగాళ్లు దిగినారు. ఇటువంటి పోటీలు జరిగే ఊరిలో ఒక వాదం తల ఎత్తక మానదు: తెలుగువారిలో పుట్టిన ఆటగాళ్లలో ఎవరు గొప్ప? పాత సంగతులు చదివినవారు సి. కె. నాయుడుగారి పేరు చెబుతారు; పిల్లలు వి. వి. ఎస్. లక్ష్మణ్ పేరు చెబుతారు. పిల్లల చేతిలో గట్టి ఆయుధం ఉన్నది. టెస్టులలో నాయుడుగారి సగటు 25.00, లక్ష్మణ్ సగటు 45.97.

వాదం ముగిసినట్లే కనబడుతుంది. కాని అనంతపురం మెట్టరైతు ఇంత తొందరగా లెక్క మూయడు.

ఈ జిల్లాలో ఏడాదికి కురిసే వాన సగటున సుమారు 550 మిల్లీమీటర్లు. అదైనా నమ్మదగినది కాదు. పదునైననాడు వేరుశనగ విత్తి, ఆపైన మబ్బుల వంక చూడవలసినదే. మంచి సంవత్సరంలో ఒక రైతుకు ఎకరాకు 8 బస్తాలు పండినవనుకొందాం. ఆ ఏట ఊరి సగటు 9. కరువు సంవత్సరంలో మరొక రైతుకు పండినవి నాలుగే. ఆ ఏట ఊరి సగటు 2. బస్తాలు ఎంచితే మొదటివాడు రెట్టింపు పండించినాడు. ఊరిలో అడిగితే మాత్రం రెండవవాని పేరే చెబుతారు. మొదటివాడు తన ఏటి సగటును అందుకోలేదు. రెండవవాడు తన ఏటి సగటుకు రెట్టింపు తీసినాడు. గణితశాస్త్రజ్ఞులు వేరువేరు కాలాలను పోల్చేటప్పుడు మొట్టమొదట చేసే పని ఇదే.

ఈ కొలబద్దను క్రికెట్టుకు పెట్టి చూడవచ్చును. భారతదేశపు మొదటి టెస్టు 1932 జూన్ 25న లండనులోని లార్డ్స్ మైదానంలో మొదలైనది. నాయకుడు కొఠారి కనకయ్య నాయుడు; 1895లో నాగపూరులో జన్మించిన తెలుగువారు. మొదటి ఇన్నింగ్సులో జట్టు చేసినది 189. అందులో ఆయనవి 40. జట్టులో అదే ఎక్కువ, మొత్తంలో ఐదవవంతుకు పైమాటే. సగటు పట్టికలో మాత్రం అది వట్టి నలభైగానే మిగిలినది. పైగా ఆ రోజులలో ఆట నడుమ వాన పడితే ఇంగ్లండులో పిచ్‌ను కప్పి కాపాడే ఆచారం లేదు. తడిసి ఆరుతున్న నేలమీద బంతి ఒకసారి ఎగిరి, ఒకసారి జారి, ఎటు పోవునో తెలియదు. అనంతపురానికి వరమైన వాన అక్కడ బ్యాటు పట్టినవానికి శాపం!

అయితే కొలత మార్చగానే పాతవారందరూ పైకి లేస్తారనుకోవడం పొరపాటు. 2001 మార్చిలో కలకత్తాలో ఆస్ట్రేలియాపై ఫాలో ఆన్ ఆడుతూ లక్ష్మణ్ కొట్టిన 281 పరుగులు జట్టు చేసిన 657లో నూటికి 43 వంతులు. ఏ తక్కెడలో వేసినా ఆ ఇన్నింగ్సు బరువు తగ్గదు.

మరి ఆ 25.00 అనే అంకె ఎంత గట్టిది? నాయుడుగారు ఆడినవి 7 టెస్టులు, 14 ఇన్నింగ్సులు; పరుగులు 350. ఈ పద్నాలుగింటిలో ఏ ఒక్కరోజైనా మరో నూరు పరుగులు వచ్చి ఉంటే సగటు 32.14 అయ్యేది. లక్ష్మణ్ 134 టెస్టులలో చేసిన 8,781 పరుగులకు అదే నూరు కలిపితే 45.97 కాస్తా 46.50 అవుతుంది, అంతే. చిన్న చెంబులో దోసెడు నీళ్లు పోస్తే మట్టం లేస్తుంది. చెరువులో పోస్తే తెలియదు. విద్యార్థులు ఏ సగటునైనా నమ్మేముందు అది ఎన్నింటి సగటో అడగవలెను.

నాయుడుగారికి ఆ చెంబు చిన్నదగుటకు కారణం ఆయన కాదు. ఆయన పెద్ద పోటీలలో అడుగుపెట్టినది 1916లో. దేశానికి టెస్టు హోదా వచ్చేసరికి ఆయనకు 36 ఏళ్లు. 1926లో బొంబాయి జింఖానా మైదానంలో ఎం. సి. సి. జట్టుపై 11 సిక్సర్లతో కొట్టిన 153 టెస్టు లెక్కలోనికి రాదు. మొత్తం 207 ఫస్ట్ క్లాస్ పోటీలలో ఆయన 11,825 పరుగులు చేసి, 411 వికెట్లు తీసినారు. ఈ వికెట్ల ఊసు బ్యాటింగు సగటు ఎత్తదు. 58 ఏళ్ల వయస్సులో, 1953-54లో, ఆయన రంజీ ట్రోఫీలో ఆంధ్ర జట్టుకు నాయకత్వం వహించినారు. 61వ ఏట కూడా రంజీ ఆడినారు!

అమెరికావారి బేస్‌బాలులో ఈ చిక్కు మరింత స్పష్టం. 1920లో బేబ్ రూత్ 54 హోమ్‌రన్లు కొట్టినాడు. అమెరికన్ లీగులో తక్కిన ఏడు జట్లలో ఏ జట్టు మొత్తమూ అంత లేదు. 2001లో బారీ బాండ్స్ 73 కొట్టినాడు. అది పెద్ద అంకె, కాని ఆ ఏట ప్రతి జట్టూ నూరు దాటినది. ఇక 1941లో టెడ్ విలియమ్స్ వెయ్యింటికి 406 చొప్పున బంతిని సఫలంగా కొట్టినాడు. ఆ లీగులలో 400 దాటినవాడు తరువాత లేడు. పాతకాలపు వీరులు అంతరించినారని జనం అన్నారు. జీవావశేష శాస్త్రజ్ఞుడైన స్టీఫెన్ జే గూల్డ్ దీనిని తలక్రిందులు చేసి చూపినాడు. ఆటగాళ్లందరి సగటు దశాబ్దాలుగా 260 ప్రాంతంలోనే ఉన్నది. తగ్గినది ఉత్తములకు, సామాన్యులకు మధ్యగల దూరం. ఈ చెదరుబాటును కొలిచే సాధనమే ప్రామాణిక విచలనం. ఊరందరికీ ఒకే మేలిరకపు విత్తనం, ఒకే తడి దొరికితే పంటలు దగ్గరదగ్గరగా వచ్చినట్లే, సామాన్య ఆటగాడు మెరుగైనకొద్దీ మేటివానికి మిగిలే ఎడం సన్నగిల్లుతుంది. ఈ పరీక్షకుకూడా లొంగనివాడు డాన్ బ్రాడ్‌మన్. ఆయన టెస్టు సగటు 99.94.

అయితే వానకు, పిచ్‌కు, పోటీకి సవరణలు చేయవచ్చునుగాని, మైదానంలోనికే రానివ్వనివారికి ఏ సవరణ చేయగలం? రూత్ ఆడిన లీగులలో నల్లజాతివారికి చోటు లేదు. 1947లో జాకీ రాబిన్సన్ వచ్చేవరకు అంతే. వారి లీగుల అంకెలను 2024లో ప్రధాన పట్టికలో కలిపినప్పుడు, జీవితకాలపు సగటులో టై కాబ్‌ను దాటి జోష్ గిబ్సన్ పైకి వచ్చినాడు. అతడు 1947లోనే మరణించినాడు. మనదేశంలో దళితకులంలో పుట్టిన పాల్వంకర్ బాలూ 1911 ఇంగ్లండు పర్యటనలో నూటికి పైగా వికెట్లు తీసినాడు. అయినా హిందూ జట్టు నాయకత్వం ఆయనకు దక్కలేదు. ఆయన కాలానికి టెస్టులే లేవు గనుక టెస్టు పట్టికలో ఆయన పేరూ లేదు.

అనంతపురం పల్లెల ఆడపిల్లలకు నిన్నమొన్నటివరకు క్రికెట్ మైదానమే దూరం. ఆ జిల్లానుండి వచ్చిన బారెడ్డి అనూష 2023 జూలైలో బంగ్లాదేశ్‌పై భారత జట్టుకు ఆడినది. ఆమె కంటె ముందు ఆ ఊళ్లలో బంతి తిప్పగల చేతులు ఎన్ని ఉండెనో ఏ స్కోరు పుస్తకంలోనూ వ్రాసి లేదు.